కొత్తగా చేరినవారు: అమెరికా కమ్యూనిటీ కాలేజీలలో అధ్యాపకుల, సిబ్బంది పరిచయం

కిందటి సంవత్సరం ఆగస్టు నెలలో గుంటూరు నుంచి నా చిరకాల మిత్రులొకరు నాకొక పత్రం పంపించారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన ఒక కమ్యూనిటీ కాలేజీ, విద్యాసంవత్సర ప్రారంభంలో, తమ వద్ద నూతనంగా నియమితులైన వారిని పరిచయం చేస్తూ వెలువరించిన నాలుగు పుటల పత్రమది. అందులో మిత్రుని కుమార్తె ఫోటో, ఆమెను గురించిన ఐదారు వాక్యాలు ఉన్నాయి. ఆమె గణితశాస్త్రం బోధిస్తుంది. మిత్రుని తల్లిగారు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, తెలుగు చక్కగా చదువుతారు, ఇంగ్లీషు రాదు. "మనుమరాలిని గురించి ఏమి రాశారో తానే చదువుకోవాలని అమ్మీ పట్టుబడుతున్నది. కొంచెం తెలుగు చేసి పెట్టండి భాయ్" అని మిత్రుని కోరిక.

అరబ్బీ, ఉర్దూ గ్రంథాలను తెనిగించడం నా వృత్తి. నాలుగు పుటల పత్రం ఒక పూట పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది. పట్టినా ఫలితం సంతృప్తికరంగా లేదని పంపిన మర్నాడే తెలిసింది. పెద్దావిడ ఫోను చేసి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "కొత్తగా చేరినవారు అని రాశావేమిటి బేటా? మా పిల్ల ఆ కాలేజీలో ఆరేళ్ళ నుంచీ పాఠాలు చెబుతోంది గదా!"

అనువాదంలో పొరపాటు లేదు. మూలంలో ఉన్నదే రాశాను. అయినా ఆమె ప్రశ్న న్యాయమైనదే. ఆరేళ్ళుగా ఉన్న మనిషి ఏ లెక్కన కొత్తవారయ్యారో చెప్పాలంటే ఆ కాలేజీ స్వరూపమేమిటో, అందులో ఉద్యోగాలు ఎలా ఇస్తారో, పరిచయ పత్రంలో ఎవరి పేరు చేరుతుందో, ఎవరి పేరు చేరదో వివరించాలి. మన కుటుంబాల పిల్లలు అనేకులు నేడు అటువంటి కాలేజీలలో చదువుతున్నారు, కొందరు బోధిస్తున్నారు కూడా. కావున ఈ విషయం పాఠకులందరికీ ఉపయోగపడగలదని భావిస్తున్నాను.

రెండు పేర్లు, రెండు అపోహలు

ఈ కాలేజీలకు తొలినాళ్ళలో ఉన్న పేరు జూనియర్ కాలేజీ. ఈ మాట వినగానే మనకు ఇంటర్మీడియట్ స్ఫురిస్తుంది. మన రాష్ట్రాలలో జూనియర్ కళాశాల అంటే పదవ తరగతి తరువాతి రెండేళ్ళ చదువు. అమెరికాలో అలా కాదు. అక్కడ పన్నెండవ తరగతి ముగించిన తరువాత చదివే నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి రెండేళ్ళ భాగాన్ని ఈ కాలేజీలు బోధిస్తాయి. ఆ రెండేళ్ళకు అసోసియేట్ డిగ్రీ లభిస్తుంది. కోరినవారు దానితో విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలో చేరవచ్చు. నర్సింగు, మోటారు మరమ్మతు, లెక్కల నిర్వహణ వంటి వృత్తివిద్యలు నేర్చి నేరుగా ఉద్యోగానికి పోయేవారూ ఉంటారు. కాబట్టి అక్కడ జూనియర్ కాలేజీ లెక్చరరు అంటే మన లెక్కలో డిగ్రీ కాలేజీ లెక్చరరే.

ఇలాంటి కాలేజీలలో నేటికీ నడుస్తున్న వాటిలో మొట్టమొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో, ఒక హైస్కూలుకు అనుబంధంగా, ఆరుగురు విద్యార్థులతో మొదలయింది. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియెట్ హైస్కూలు అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ దీనికి మూలపురుషులు. 1907లో కాలిఫోర్నియా శాసనసభ, హైస్కూళ్ళు ఆపై చదువు చెప్పడానికి అనుమతినిస్తూ చట్టం చేసింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం, అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘం 1947లో ఇచ్చిన నివేదికతో కమ్యూనిటీ కాలేజీ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

ఈ రెండవ పేరుతో మరొక అపోహ. కమ్యూనిటీ అంటే మనవద్ద కులమో మతవర్గమో అనే అర్థం స్థిరపడిపోయింది. మన పిల్లలు తెచ్చుకునే కమ్యూనిటీ సర్టిఫికెట్టు అందుకు నిదర్శనం. మిత్రుని బంధువులలో కొందరు, అమ్మాయి ఏదో ముస్లిం కాలేజీలో పనిచేస్తున్నదని ఇంతకాలం అనుకుంటున్నారట! అక్కడ ఆ మాటకు అర్థం ఆ ఊరి, ఆ పరిసర ప్రాంతాల నివాసులందరూ అని. కాలిఫోర్నియాలో ఈ ప్రాంతాలను డిస్ట్రిక్టులంటారు. ఇవి మన జిల్లాల వంటివి కావు, కాలేజీల నిర్వహణకై ఏర్పరచినవి. ఆ రాష్ట్రంలో 73 డిస్ట్రిక్టుల కింద 116 కాలేజీలున్నాయి. దాదాపు ప్రతి డిస్ట్రిక్టుకూ స్థానికులు ఓటువేసి ఎన్నుకున్న ధర్మకర్తల మండలి ఉంటుంది.

మన దేశంలోనూ ఈ పేరుతో సంస్థలు వచ్చాయి. 1995లో పుదుచ్చేరిలోను, 1996లో మద్రాసులోను మొదలయ్యాయి. 2013లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఒక పథకం ప్రకటించింది. అయితే మన కమ్యూనిటీ కాలేజీలు ప్రధానంగా వృత్తి నైపుణ్య శిక్షణకు సంబంధించినవి. అమెరికా కాలేజీల విస్తృతి వేరు.

అధ్యాపకులెవరు, సిబ్బంది ఎవరు

పత్రం శీర్షికలోనే అనువాదకునికి చిక్కు ఎదురయింది. ఫ్యాకల్టీ అంటే అధ్యాపకవర్గమని రాశాను. స్టాఫ్ అన్నదానికి మన కార్యాలయాలలో వాడే మాట అధ్యాపకేతర సిబ్బంది. ఉర్దూలోనూ గైర్ తద్రీసీ అమలా అంటారు. రెండింటిలోనూ ఉన్నది నిషేధార్థమే. అంటే ఈ మనుషులు ఏమి కారో చెబుతున్నామే గాని, ఏమి చేస్తారో చెప్పడం లేదు. కాలిఫోర్నియా కాలేజీలలో వీరిని క్లాసిఫైడ్ ఉద్యోగులంటారు. ఇది వినగానే రహస్యోద్యోగులని భ్రమపడే ప్రమాదముంది. నిజానికి ఒక్కొక్క ఉద్యోగానికీ విధులను నిర్ణయించి వర్గీకరించారు కనుక ఆ పేరు.

మరొక విశేషం. ఆ రాష్ట్రంలో లైబ్రేరియన్లు, కౌన్సెలర్లు అధ్యాపకవర్గంలోనే లెక్క. విద్యార్థి ఏ కోర్సు తీసుకోవాలో, ఏ విశ్వవిద్యాలయానికి ఏ పాఠాలు చెల్లుతాయో కూర్చోబెట్టి చెప్పే వ్యక్తి కౌన్సెలరు. ప్రవేశ పరీక్ష లేకుండా వచ్చినవారినందరినీ చేర్చుకునే కాలేజీలివి. వంశంలో తొలిసారి కాలేజీ గడప తొక్కినవారు, పగలు పనిచేసి సాయంత్రం చదివేవారు, ఇల్లు సర్దుకుని నలభయ్యవ ఏట మళ్ళీ పుస్తకం పట్టిన తల్లులు వీటికి వస్తారు. ఇటువంటి విద్యార్థికి మొదట ఎదురయ్యేది గణితాచార్యుడు కాదు. ప్రవేశ విభాగం కిటికీ వద్ద కూర్చున్న గుమాస్తా, ఆర్థిక సహాయపు దరఖాస్తు నింపడంలో తోడ్పడే ఉద్యోగిని, ప్రయోగశాల తలుపు తీసే సహాయకుడు. ఆ మొదటి పలకరింపు బాగాలేకపోతే రెండవ రోజు రాని విద్యార్థులు ఉంటారు. కావున కొత్తగా వచ్చిన గుమాస్తాను అందరికీ పరిచయం చేయడం మర్యాద కోసం మాత్రమే కాదు, అవసరం కూడాను.

మిత్రుడు పంపిన పత్రంలో నన్ను ఆకర్షించిన అంశమిదే. డాక్టరేటు ఉన్న జీవశాస్త్ర అధ్యాపకుని పక్కనే తోటపని చూసే ఉద్యోగి ఫోటో ఉంది. రెండు ఫోటోలూ ఒకే పరిమాణంలో ఉన్నాయి.

నియామకం జరిగే తీరు

పూర్తికాల అధ్యాపకుని ఉద్యోగం ఖాళీ అయినప్పుడు కాలేజీ బహిరంగ ప్రకటన ఇస్తుంది. 1988లో వచ్చిన చట్టం అర్హతలను కొత్త పద్ధతిలో నిర్ణయించింది. సామాన్య విషయాలకు ఆ విషయంలో మాస్టర్స్ డిగ్రీ కావాలి. మాస్టర్స్ డిగ్రీ సాధారణంగా లేని వృత్తివిద్యలకు బ్యాచిలర్ డిగ్రీతో రెండేళ్ళ అనుభవం గాని, అసోసియేట్ డిగ్రీతో ఆరేళ్ళ అనుభవం గాని ఉంటే చాలు. ఇరవయ్యేళ్ళు మోటార్లు బాగుచేసిన మేస్త్రీ, ఆచార్య స్థానంలో గౌరవంగా నిలబడగలగడం ఈ కాలేజీల సుగుణాలలో ఒకటి.

దరఖాస్తులను ఒక సంఘం పరిశీలిస్తుంది. అందులో ఆ విషయం బోధించే అధ్యాపకులు తప్పక ఉంటారు. ఎంపికైన కొద్దిమందిని పిలిచి ప్రశ్నించడమే గాక, పది పదిహేను నిమిషాల పాఠం చెప్పించి చూడడం వాడుక. ఆ తరువాత కాలేజీ అధ్యక్షుని ఎదుట మరొక సంభాషణ. చివరకు ధర్మకర్తల మండలి బహిరంగ సమావేశంలో ఆమోదం. అప్పటికి నియామకం పూర్తయినట్లు.

ఇంతటితో పదవి స్థిరమని భావించరాదు. సాధారణంగా నాలుగు సంవత్సరాల పరిశీలనాకాలం ఉంటుంది. సహాధ్యాపకులు తరగతిలో కూర్చుని పాఠం వింటారు, విద్యార్థుల అభిప్రాయాలు సేకరిస్తారు. నాలుగవ ఏట పదవీ భద్రత ఇవ్వడమో, సాగనంపడమో తేల్చవలసి ఉంటుంది. కొత్తగా చేరినవారి పరిచయం ఈ సుదీర్ఘ ప్రయాణానికి మొదటి మజిలీ. ఆగస్టులో తరగతులు ప్రారంభం కావడానికి ముందు ఉద్యోగులందరూ ఒకచోట సమావేశమవుతారు. కొత్తవారిని ఒక్కొక్కరినే పేరు పెట్టి లేపి సభకు చూపిస్తారు. మాకు చేరిన పత్రం అటువంటి సభ సందర్భంగా వచ్చినదే.

కొత్తవారు కాని కొత్తవారు

ఇప్పుడు పెద్దావిడ ప్రశ్నకు వద్దాం. ఈ కాలేజీలలో రెండు రకాల అధ్యాపకులున్నారు. పూర్తికాలం వారు ఒకరు. ఒక్కొక్క సెమిస్టరుకు ఒక్కొక్క తరగతి లెక్కన కుదుర్చుకునే పార్ట్‌టైము వారు మరొకరు. అమెరికా ప్రభుత్వ రెండేళ్ళ కాలేజీలన్నిటినీ కలిపి చూస్తే, అధ్యాపకులలో మూడింట రెండు వంతుల మంది ఈ రెండవ రకం వారే. కాలిఫోర్నియా 1988 చట్టం, బోధనా గంటలలో 75 శాతం పూర్తికాల అధ్యాపకుల చేతిలో ఉండాలని లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం ఇప్పటికీ చాలా చోట్ల లక్ష్యంగానే మిగిలిపోయింది.

పార్ట్‌టైము అధ్యాపకుడు ఒక డిస్ట్రిక్టులో పూర్తికాల బోధనా భారంలో 67 శాతానికి మించి చెప్పరాదు. పూర్వం 60 శాతంగా ఉన్న ఈ హద్దును 2008 నాటి చట్టం 67కు పెంచింది. హద్దు దాటితే వారిని పూర్తికాల నియామకపు దారిలోకి తీసుకోవలసి వస్తుంది గనుక కాలేజీలు దాటనివ్వవు. ఈ కారణంగా కుటుంబం గడవడానికి వారు రెండు మూడు డిస్ట్రిక్టులలో తరగతులు సంపాదించుకోవాలి. పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు, రాత్రి మరొక ఊరు. పుస్తకాలు, పరీక్ష పత్రాలు కారులోనే. వీరికి అక్కడివారు పెట్టిన పేరు ఫ్రీవే ఫ్లయర్లు, అనగా రహదారి పక్షులు.

మిత్రుని కుమార్తె ఆరేళ్ళు ఇలాగే తిరిగింది. ఏ తరగతి ఎవరు చెబుతారో తెలిపే పట్టికలో ఆమె పేరు ఉండవలసిన చోట చాలాసార్లు స్టాఫ్ అన్న ఒక్క మాట ఉండేదట. పార్ట్‌టైము వారిని ఆఖరి క్షణంలో కుదుర్చుకోవడం వల్ల అనేక కాలేజీల పట్టికలలో ఇలా అచ్చవుతుంది. 2012లో ఈ సమస్యపై వెలువడిన ఒక నివేదికకు, ప్రొఫెసర్ స్టాఫ్ అనే ఈ వ్యక్తి ఎవరు అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టారంటే పరిస్థితి ఎంత సామాన్యమో గ్రహించవచ్చు.

ఆరేళ్ళలో ఆ అమ్మాయి వద్ద వందలాది విద్యార్థులు గణితం నేర్చుకున్నారు. అయినా ఏ ఆగస్టులోనూ ఎవరూ ఆమెను లేపి సభకు చూపించలేదు. ఆరవ ఏట పూర్తికాలపు ఉద్యోగం వచ్చింది. అప్పుడామె "కొత్తగా చేరినవారు" అయింది. పత్రంలో ఆమె చదువు ఉంది, ఇష్టమైన వంటకం ఉంది, అదే కాలేజీలో గడిపిన ఆరేళ్ళ ప్రస్తావన లేదు. ఎవరో కావాలని దాచారని నేననను. ఉద్యోగ విభాగం రిజిస్టరులో నియామకం తేదీ ఆ సంవత్సరానిది. పత్రం తయారుచేసినవారు రిజిస్టరును చూశారు, అంతే.

పరిచయం దేనికి?

మదర్సాలో చదివిన పాఠకులకు ఇక్కడ ఒక శాస్త్రం జ్ఞాపకం రాక మానదు. హదీసు ఉల్లేఖకుల పరిచయానికి మన పూర్వ విద్వాంసులు అస్మాఉర్రిజాల్ అనే విశాలమైన విద్యను నిర్మించారు. ఇమామ్ మిజ్జీ (మరణం హిజ్రీ 742, క్రీ.శ. 1341) తన తహ్జీబుల్ కమాల్‌లో ఒక్కొక్క వ్యక్తి పేరు చెప్పి, అతడు ఎవరెవరి వద్ద విన్నాడో, అతని వద్ద ఎవరెవరు విన్నారో రెండు జాబితాలు ఇస్తారు. హాఫిజ్ ఇబ్నె హజర్ అస్కలానీ (మరణం హిజ్రీ 852, క్రీ.శ. 1449) తఖ్రీబుత్తహ్జీబ్‌లో అదే పనిని ఒకటి రెండు పంక్తులలో ముగిస్తారు. పేరు, తండ్రి పేరు, ఊరు, విశ్వసనీయత, తరం. అంత సంక్షిప్తమైన పరిచయంలోనూ చదువరికి కావలసినది దొరుకుతుంది.

ఈ పద్ధతిలో గమనించవలసిన అంశమొకటున్నది. అక్కడ మనిషిని గురువుగా నిలబెట్టేది అతని వద్ద విన్నవారి జాబితాయే గాని జీతాల రిజిస్టరు కాదు. ఎప్పుడు విన్నారన్నది కూడా విద్వాంసులు శ్రద్ధగా విచారించారు. ఈ కొలమానంతో చూస్తే మిత్రుని కుమార్తె ఆ కాలేజీలో అధ్యాపకురాలయినది ఆరేళ్ళ కిందట, ఆమె తొలి విద్యార్థి తొలి లెక్క నేర్చుకున్న రోజున. పెద్దావిడ ఏ శాస్త్రమూ చదవకుండానే ఈ మాట అన్నారు.

సిబ్బంది విషయంలోనూ మనకు ఒక పూర్వోదాహరణ ఉంది. హిజ్రీ 631లో (క్రీ.శ. 1234) బాగ్దాదులో ప్రారంభమైన ముస్తన్‌సిరియా మదర్సా ఏర్పాట్లలో నాలుగు మజ్హబులకు నలుగురు ప్రధానాచార్యులు, ఒక్కొక్కరికి పాఠాన్ని తిరిగి చెప్పే సహాయకులు నలుగురేసి, ఒక్కొక్క మజ్హబుకు 62 మంది విద్యార్థులు నిర్ణయించబడ్డారు. వీరితోపాటే గ్రంథాలయాధికారికీ, వైద్యునికీ స్థానం, భత్యం ఏర్పరిచారు. ఆనాటి అనేక వక్ఫు పత్రాలలో ద్వారపాలకుడు, చాపలు పరిచే ఫర్రాషు, దీపాలు వెలిగించేవాడు కూడా తమ జీతభత్యాలతో సహా కనిపిస్తారు. ఆచార్యునికి ఎక్కువ, ఫర్రాషుకు తక్కువ, నిజమే. కాని ఉన్న పత్రం ఒక్కటే.

పరిచయ పత్రం ఎలా ఉండాలి

ఈ అనువాదం చేసిన అనుభవంతో, మన విద్యాసంస్థలకూ పనికివచ్చే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, పేరు. మనిషి తన పేరును ఎలా పలుకుతారో అడిగి అలాగే రాయాలి. ఆ కాలేజీ పత్రంలో ప్రతి పేరు పక్కనా ఉచ్చారణ ఇచ్చారు. మన పేర్లు పరాయిదేశంలో ఎన్ని పాట్లు పడతాయో తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది.

రెండవది, పని. హోదా చెప్పి ఊరుకోరాదు. ఏ అవసరానికి ఈ వ్యక్తి వద్దకు రావాలో, ఏ గదికి, ఏ వేళలో రావాలో చెప్పాలి. విద్యార్థికి డిగ్రీల జాబితా కంటే ఇది ముఖ్యం.

మూడవది, వచ్చిన దారి. ఆ పత్రంలో ఇద్దరు ముగ్గురు తామూ ఒకప్పుడు కమ్యూనిటీ కాలేజీలోనే చదువుకున్నామని చెప్పుకున్నారు. గడపలో బెరుకుగా నిలబడ్డ విద్యార్థికి ఆ ఒక్క వాక్యం ఇచ్చే ధైర్యం ఇంతా అంతా కాదు. ఇల్లు, పిల్లలు, అభిరుచులు చెప్పడం చెప్పకపోవడం ఆ వ్యక్తి ఇష్టానికి విడిచిపెట్టాలి.

నాలుగవది, గడచిన సేవ. అదే సంస్థలో మరొక హోదాలో పనిచేసి ఉంటే ఆ సంవత్సరాలను తప్పక పేర్కొనాలి. మన రాష్ట్రాలలోనూ ఒప్పంద అధ్యాపకులు, గంటల లెక్కన చెప్పే గెస్టు లెక్చరర్లు ఏళ్ళ తరబడి తరగతులు నడుపుతున్న సంగతి అందరికీ తెలుసు. 2023లో తెలంగాణలో వేలాది ఒప్పంద ఉద్యోగులను క్రమబద్ధీకరించినప్పుడు వారిలో జూనియర్ కళాశాలల అధ్యాపకులూ ఉన్నారు. వారి చేతికి వచ్చిన ఉత్తర్వు కొత్తదే గాని వారు కొత్తవారు కారు. మన మదర్సాలలోనూ రంజాను తరువాత కొత్త సంవత్సరం మొదలైనప్పుడు కొత్త ఉస్తాదును పరిచయం చేస్తాము. వంటశాలలో చేరిన మనిషిని, రాత్రి కాపలా మనిషిని కూడా అదే సభలో పేరు పెట్టి పరిచయం చేయడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

మూలంలో లేనిది చేర్చే అధికారం అనువాదకునికి లేదు. కాబట్టి పత్రంలోని వాక్యాలను మార్చలేదు. "కొత్తగా చేరినవారు" అన్నదాన్ని మాత్రం "ఈ సంవత్సరం పూర్తికాల ఉద్యోగంలో నియమితులైనవారు" అని దిద్దాను. అర్థానికి ఇదే దగ్గర. కింద గీత గీసి, అనువాదకుని మాటగా, ఈమె ఇదే కాలేజీలో ఆరు సంవత్సరాలుగా గణితం బోధిస్తున్నారని ఒక వాక్యం వేరుగా రాసి మళ్ళీ పంపాను.

పెద్దావిడ ఆ కాగితాన్ని మడిచి దాచుకున్నారని మిత్రుడు చెప్పాడు. దాచేముందు కొడుకును మరొకటి అడిగారట: "దాని మాదిరి ఊళ్ళు తిరిగే వాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు గదా, వాళ్ళ పేర్లు ఏ కాగితంలో వేస్తారు?"